పది అంగుళాల టెలిస్కోపు తర్వాత కొనొచ్చు, ముందు ఊరు దాటండి

ప్రశ్న: మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీది నుంచి ఎం51 గెలాక్సీ తీశాను. 6 అంగుళాల అద్దం ఉన్న ఎఫ్/5 న్యూటోనియన్ టెలిస్కోపు, ఈక్యూ5 మౌంట్ (నక్షత్రాల వెంట తిరిగే స్టాండు), పాత కెనాన్ 600డి కెమెరా. 30 సెకన్లవి 80 ఫ్రేములు తీసి స్టాక్ చేస్తే (అన్నిటినీ కలిపి ఒకే ఫొటో చేస్తే) బూడిద రంగు మచ్చ వచ్చింది, మెలికలు తిరిగిన చేతులు కనిపించలేదు. 10 అంగుళాల టెలిస్కోపు కొంటే వస్తాయా? గైడింగ్ (నక్షత్రాన్ని చూస్తూ మౌంట్ గురిని సరిదిద్దే ఏర్పాటు) లేదు.

సమాధానం:

మీ మచ్చ చూసి నాకు ముచ్చటేసింది. నా మొదటి ఎం51 ఇంతకన్నా ఘోరం. మీ ఫొటోలో కనీసం రెండు మచ్చలు విడివిడిగా ఉన్నాయి. పెద్దది ఎం51, దాని పక్కన చిన్నది ఎన్‌జీసీ 5195 అనే ఇంకో గెలాక్సీ. రెండింటి మధ్య సన్నటి వంతెన లాంటిది ఉన్నట్టూ లేనట్టూ కనిపిస్తోంది. అంటే టెలిస్కోపు సరైన చోటికే చూసింది, ఫోకస్ కూడా మరీ చెడిపోలేదు. చేతులు మీ ఫైళ్లలో ఉన్నాయి, నాయిస్ అనే గరుకు కింద పూడుకుపోయి ఉన్నాయి.

10 అంగుళాలు ఇప్పుడు వద్దు. ఎందుకో కాస్త లెక్క వేసి చెప్తాను.

ఆకాశం ఎంత వెలుగుగా ఉందో ఒక్కో చదరపు ఆర్క్‌సెకనుకు ఇన్ని మ్యాగ్నిట్యూడ్‌లని (వెలుగు కొలత) కొలుస్తారు. డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్‌సెకను. అంకె పెరిగేకొద్దీ చీకటి పెరిగినట్టు. మియాపూర్ లాంటి చోట మీటరు పెడితే 18 దగ్గర చూపిస్తుంది. మంచి పల్లెటూరి ఆకాశం 21 దగ్గర ఉంటుంది. ఎం51 వెలుగును దాని వైశాల్యమంతా పరిచి సగటు తీస్తే సుమారు 22. ఒక మ్యాగ్నిట్యూడ్ తేడా అంటే వెలుగులో రెండున్నర రెట్ల తేడా. ఆ లెక్కన మీ టెర్రస్ మీద గెలాక్సీ నుంచి ఒక ఫోటాన్ వస్తే, ఆకాశం నుంచి 40 వస్తున్నాయి. అవన్నీ వీధి దీపాలు, హోర్డింగులు, మెట్రో స్టేషన్లు పైకి విసిరిన ఫోటాన్లే. పెళ్లి భోజనాల హాల్లో ఆ చివర కూర్చున్న బామ్మ మాట ఈ చివర నుంచి వినాలని చూసినట్టు ఉంటుంది. పల్లెలో అదే ఒక ఫోటాన్‌కు ఆకాశానివి రెండున్నర మాత్రమే.

ఆకాశపు వెలుగు కెమెరా నాయిస్‌ను మింగేసే పరిస్థితిలో, ఒకే నాణ్యత రావడానికి పట్టే సమయం ఆ వెలుగుతో పాటే పెరుగుతుంది. 18కీ 21కీ మధ్య మూడు మ్యాగ్నిట్యూడ్‌లు, అంటే దాదాపు 16 రెట్లు. మీరు టెర్రస్ మీద తీసిన 40 నిమిషాలు పల్లెలో రెండున్నర నిమిషాలతో సమానం. రెండున్నర నిమిషాల్లో ఎం51 చేతులు తేటగా ఎవరికీ రావు. తిప్పి చూస్తే, పల్లెలో ఒక్క రాత్రి 5 గంటలు తీయగలిగితే అది మియాపూర్‌లో 80 గంటలు తీసినట్టు. ఆ 80 గంటలు కూడబెట్టడానికి టెర్రస్ మీద ఒక సీజన్ చాలదు.

ఇక 10 అంగుళాల సంగతి. అద్దం వైశాల్యం 6 అంగుళాలదానికి 2.8 రెట్లు. అన్నీ కుదిరితే మీకు కలిసొచ్చేది ఆ 2.8 రెట్లే. బండిలో పెట్రోలు పోయించుకుని ఊరు దాటితే 16 రెట్లు. పైగా 10 అంగుళాల ట్యూబ్ బరువు, దాన్ని పట్టి ఉంచే ఉంగరాలతో కలిపి, 14, 15 కిలోల దాకా పోతుంది. మీ ఈక్యూ5 దాన్ని మోయలేదు. మొయ్యగల మౌంట్ కొనాలంటే దానికే లక్ష దాటుతుంది. పెద్ద ట్యూబ్ గాలికి తెరచాపలా పనిచేస్తుందన్నది కొన్నాక కానీ తెలిసిరాదు. నేను కొన్నాను. తెలిసొచ్చింది. ఇప్పుడది మా ఇంట్లో బీరువా పక్కన నిలబడి ఉంటుంది, మా అమ్మ దానిమీద తువ్వాలు ఆరేస్తుంది.

మీ దగ్గరున్న సరుకు గెలాక్సీకి సరిపోతుందా అంటే, బాగానే సరిపోతుంది. ఫోకల్ లెంగ్త్ 750 మిల్లీమీటర్లు, 600డి పిక్సెల్ 4.3 మైక్రాన్లు. 206 ను పిక్సెల్‌తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు 1.2 ఆర్క్‌సెకన్లు వస్తుంది. మన వేసవి రాత్రుల్లో గాలి అల్లాడించే నక్షత్రం సైజు మామూలుగా 2 నుంచి 3 ఆర్క్‌సెకన్లు ఉంటుంది కాబట్టి ఇంతకన్నా సన్నగా కోసుకుని లాభం లేదు. ఎం51 పొడవు సుమారు 11 ఆర్క్‌నిమిషాలు, అంటే మీ సెన్సర్ మీద 560 పిక్సెళ్లు. ఫ్రేము వెడల్పు 5184 పిక్సెళ్లు. గెలాక్సీ అందులో తొమ్మిదో వంతు. చిన్నగా ఉందని బార్లో లెన్స్ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. రెండు రెట్ల బార్లో పెడితే ఎఫ్/5 కాస్తా ఎఫ్/10 అవుతుంది, పిక్సెల్ మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. తీశాక క్రాప్ చేసుకోండి చాలు. గెలాక్సీ మధ్యలోనే ఉంటుంది కనుక మూలల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగినా నష్టం లేదు, దాన్ని సరిచేసే కోమా కరెక్టర్ ఖర్చు కూడా వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక విచిత్రం. ఎం51లో మెలికలు ఉన్నాయని మొదట కనిపెట్టింది ఐర్లండ్‌లో లార్డ్ రోస్, 1845లో. ఆయన బిర్ కోటలో కట్టించిన టెలిస్కోపు అద్దం 72 అంగుళాలు, బరువు మూడు టన్నుల దాకా. దాంతో కళ్లతో చూసి కాగితం మీద గీసుకున్నాడు. ఆ చేతులే ఇప్పుడు 6 అంగుళాల అద్దంతో, సెకండ్ హ్యాండ్ కెమెరాతో వస్తాయి. కన్ను ఫోటాన్లను దాచుకోలేదు, సెన్సర్ గంటల తరబడి దాచుకుంటుంది. హైదరాబాద్‌కూ ఇందులో పాత్ర ఉంది. నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు బేగంపేటలో 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం ఆకాశంలో తమ వంతు పట్టీని ఫొటో పలకల మీద తీసిపెట్టారు. మీ టెలిస్కోపు కన్నా రెండు అంగుళాలే పెద్దది. బేగంపేట అప్పట్లో చీకటిగా ఉండేది, అంతే తేడా.

ఎప్పుడు వెళ్లాలి? పంచాంగం తీయండి. బహుళ దశమి నుంచి శుద్ధ చవితి దాకా మనవి. ఎం51కి అన్నిటికన్నా మంచిది కొత్త అమావాస్య, ఆ తర్వాత వచ్చే చైత్ర అమావాస్య. ఏప్రిల్ నడిమికి ఎం51 అర్ధరాత్రి పన్నెండుంపావుకు మన నడినెత్తి రేఖ (నడినెత్తి మీదుగా ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే ఊహారేఖ) దాటుతుంది. హైదరాబాద్ అక్షాంశం నుంచి గరిష్ఠంగా 60 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, 9 గంటల నుంచి 3 దాటేదాకా 40 డిగ్రీల పైనే ఉంటుంది. ఆరు గంటలకు పైగా వాడుకోదగ్గ సమయం. ఉగాది తర్వాత ఊళ్లలో శ్రీరామనవమి పందిళ్లు, సీరియల్ లైట్లు మొదలవుతాయి. నవమి నాటికి ఎలాగూ సగం చంద్రుడు ఉంటాడు కాబట్టి ఆ రాత్రి టెలిస్కోపు మూసేసి పందిట్లో పానకం తాగండి. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము ఎక్కువ. పొలాల్లో కొయ్యకాళ్లు తగలబెడితే పొగ కూడా. ఒక గాలివాన కురిసి వెలిసిన మర్నాటి రాత్రి దొరికితే సెలవు పెట్టి అయినా వెళ్లండి.

ఎక్కడికి? నేను వెళ్లేది నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట అవతల తెలిసినవాళ్ల చేను. అడవి లోపలికి కాదు. శ్రీశైలం దారిలో రాత్రిపూట గేటు మూసేస్తారు, పులుల అడవిలో ట్రైపాడ్ పెట్టుకుని కూర్చోవడం ధైర్యం కూడా కాదు. కాంతి కాలుష్యం చూపించే మ్యాపులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఉత్తరం వైపు పెద్ద ఊరు లేని చోటు వెతకండి, ఎందుకంటే ఎం51 ఉండేది ఉత్తరాన. ఇది చాలామంది మర్చిపోతారు. హైదరాబాద్‌కు దక్షిణంగా 60 కిలోమీటర్లు వెళ్లి ఉత్తరం వైపు చూస్తే నగరం వెలుగు తెరలాగా అడ్డం వస్తుంది. ఇంకా దూరం పోవాలి, లేదా నగరానికి ఉత్తరం వైపుకే పోవాలి. ఎవరి చేనైనా సరే, ముందురోజే మాట్లాడుకోండి. రాత్రి పూట కారు, నల్లటి గొట్టం, ఎర్ర లైటు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి, వేసవిలో పాములు రాత్రే తిరుగుతాయి.

ఓసారి రెండు గంటలప్పుడు ఒక పెద్దాయన త్రీఫేజ్ కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి వచ్చాడు. "ఏం బాబూ, నిధులా?" అన్నాడు. లాప్‌టాప్‌లో అప్పుడే దిగిన రెండు నిమిషాల ఫ్రేము చూపించాను. సుడిగుండంలా ఉందే అన్నాడు. ఇంగ్లీషులో కూడా దాని పేరు అదే, వర్ల్‌పూల్, అని చెప్తే నమ్మలేదు.

ఇప్పుడు మౌంట్. మీరు నిజంగా మనసు పెట్టాల్సింది దీని మీదే. మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు గురిపెట్టాలి, మన దగ్గర ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఈ మౌంట్లు యూరప్ వాళ్ల 45, 50 డిగ్రీల అక్షాంశాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. 17కి దించేసరికి బరువుల కడ్డీ ఉత్తరం వైపు కిందికి వంగి, ఉత్తరం కాలికి తగులుతుంది. సరిగ్గా గెలాక్సీ నడినెత్తి రేఖ దాటాక మౌంట్ అవతలి వైపుకు తిరగబడే వేళలో. నాకిది మొదటిసారి తెలిసింది మోటారు గుర్రుమని ఏడ్చినప్పుడు. ట్రైపాడ్ తల మీద ఉండే చిన్న పెగ్‌ను మార్చి బిగించే వీలుంటే రెండు కాళ్లు ఉత్తరం వైపు వచ్చేలా తిప్పండి, కడ్డీ వాటి మధ్యనుంచి పోతుంది. వీల్లేకపోతే మౌంట్‌కీ ట్రైపాడ్‌కీ మధ్య పొట్టి స్తంభం లాంటిది పెట్టాలి. లేత్ పనివాళ్లు చేసిపెడతారు. ఏది చేసినా పగలే ఇంట్లో అన్ని వైపులకూ తిప్పి చూసుకోండి.

17 డిగ్రీల ఎత్తులో ఇంకో చిక్కు, ధ్రువ నక్షత్రం పొగమంచులోనో చెట్టు వెనకో దాక్కుంటుంది. ధ్రువుడి వైపు గురి చూసే పోలార్ స్కోపులో కన్ను పెట్టాలంటే మోకాళ్ల మీద వంగాలి. ఈ బాధ పడకండి. నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మూడు బిందువుల పోలార్ అలైన్‌మెంట్ ప్లగిన్ ఉంది. ఆకాశంలో ఎక్కడైనా మూడు చోట్ల ఫొటో తీసి, నక్షత్రాలను గుర్తుపట్టి, మీ అక్షం ఎంత పక్కకు ఉందో అదే చెప్తుంది. ధ్రువుడు కనిపించనవసరం లేదు. బోల్టులు తిప్పుతూ ఆ తేడాను ఒకటి రెండు ఆర్క్‌నిమిషాలకు తెచ్చుకుంటే చాలు. సున్నా కోసం అరగంట కూర్చోకండి, ఆ అరగంటలో పదిహేను ఫ్రేములు వస్తాయి.

తర్వాత గైడింగ్. మీరు డబ్బు పెట్టాలనుకుంటే దీనికి పెట్టండి. ఒక చిన్న గైడ్ స్కోపు, చిన్న మోనో (నలుపు తెలుపు) గైడ్ కెమెరా కావాలి, వాటిని నడిపే పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్ ఉచితం. ఈక్యూ5లో వర్మ్ గేర్ దాదాపు 10 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో నక్షత్రం పదుల ఆర్క్‌సెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. మీ పిక్సెల్ 1.2 ఆర్క్‌సెకన్లు కాబట్టి 30 సెకన్లలోనే కొన్ని ఫ్రేముల్లో నక్షత్రాలు గింజల్లా సాగాయి, మీ స్టాక్‌లో అది తెలుస్తోంది. గైడింగ్ పెట్టాక పీహెచ్‌డీ2లో మొత్తం ఆర్‌ఎంఎస్ (గురి సగటున ఎంత తప్పుతోందో చెప్పే అంకె) 1 ఆర్క్‌సెకను చుట్టూ ఉంటే రెండు నిమిషాల ఫ్రేములు నిశ్చింతగా తీయొచ్చు. గ్రాఫ్ రంపంలా ఉందని ప్రతి ఐదు నిమిషాలకూ సెట్టింగులు కెలకడం కొత్తవాళ్ల జబ్బు. నక్షత్రం గుండ్రంగా ఉందా లేదా చూడండి. ఉంటే గ్రాఫ్ విండో మూసేయండి. గైడ్ స్కోపు బిగించిన స్క్రూలు గట్టిగా ఉండాలి. ప్లాస్టిక్ మరలతో వేలాడదీస్తే గైడ్ గ్రాఫ్ అద్భుతంగా ఉంటుంది, ఫొటోలో నక్షత్రాలు మాత్రం సాగుతాయి. ఈ ఒక్కదాని మీద నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నాను.

టెర్రస్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, మీ ఫ్రేముల్లో కొన్నిటిలో ప్రతి నక్షత్రం రెండుగా చీలి ఉంది. అది గేరు తప్పు కాకపోవచ్చు. నీళ్ల మోటారు ఆన్ అయినా, పక్కన ఎవరైనా వాకింగ్ చేసినా శ్లాబు అదురుతుంది. మా ఇంట్లో ఏడాది పాటు రాత్రి 11కి ఫ్రేములు ఎందుకు చెడిపోతున్నాయో అర్థం కాలేదు. వాషింగ్ మెషిన్ టైమర్ అని తర్వాత తేలింది.

పొలం చేరాక మొదట కొలిమేషన్, అంటే అద్దాలు ఒకే గీతలో ఉన్నాయా అన్నది, చూడండి. మన రోడ్ల మీద మూడు గంటలు ప్రయాణించిన అద్దం ఉన్నచోట ఉండదు. చెషైర్ ఐపీస్‌తో ఐదు నిమిషాల పని. ట్యూబ్‌ను మూత తీసి ఒక గంట బయట ఉంచితే అద్దం బయటి వేడికి అలవాటు పడుతుంది. ఏసీ కారులోంచి తీసిన వెంటనే మొదలుపెడితే మొదటి గంట ఫ్రేములన్నీ మసకే. ఫోకస్‌కు బహటినోవ్ మాస్క్ (ట్యూబ్ మూతికి పెట్టే చీలికల మూత, నక్షత్రం చుట్టూ గీతలు చూపిస్తుంది) తప్పనిసరి, త్రీడీ ప్రింట్ చేయించుకుంటే భోజనం ఖర్చంత. ఏప్రిల్‌లో తూర్పున స్వాతి నక్షత్రం ధగధగలాడుతూ ఉంటుంది, దానిమీద పెట్టి మధ్య గీత సరిగ్గా నడిమికి వచ్చేదాకా తిప్పండి, ఫోకసర్ తాళం బిగించండి. రాత్రి చల్లబడేకొద్దీ ట్యూబ్ కుంచించుకుంటుంది కనుక గంటన్నరకోసారి మళ్లీ చూడండి.

ఎం51 దొరకబుచ్చుకోవడం తేలిక. సప్తర్షి మండలం తోకలో అరుంధతీ వశిష్ఠులను పెళ్లిలో చూపిస్తారు కదా, వాళ్లను దాటి తోక చివరన ఉండేది మరీచి. అక్కడి నుంచి నైరుతి దిక్కుగా మూడున్నర డిగ్రీలు, అంటే చాచిన చేతి రెండు వేళ్ల వెడల్పు.

ఐఎస్‌ఓ 800 పెట్టండి, పల్లెలో 120 సెకన్లతో మొదలుపెట్టండి. కెమెరా వెనక హిస్టోగ్రామ్ (వెలుగు గ్రాఫ్) చూస్తే గుట్ట ఎడమ గోడను వదిలి, నాలుగో వంతు దూరం వచ్చి ఉండాలి. గోడకు ఆనుకుని ఉంటే సమయం పెంచండి, మధ్యకు వచ్చేస్తే తగ్గించండి. రా ఫార్మాట్‌లోనే తీయాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు మూత మూసుకుని కూర్చుంటుంది, సగం రాత్రి గంగలో కలుస్తుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మౌంట్‌ను కొన్ని పిక్సెళ్లు జరిపే డితరింగ్ ఆన్ చేయండి. మీ స్టాక్‌లో ఏటవాలుగా వాన చినుకుల్లా గీతలు ఉన్నాయి చూశారా? అది డితరింగ్ లేకపోవడం వల్లే. వేడి పిక్సెళ్లు ఒక్కో ఫ్రేముకూ కొంచెం కొంచెం జరిగి గీతలు గీశాయి. మన ఎండాకాలం రాత్రి 30 డిగ్రీల్లో, శీతలీకరణ లేని కెమెరాకు ఇది పెద్ద శత్రువు. సెన్సర్ వేడి 6 డిగ్రీలు పెరిగితే చాలు, వెలుగు లేకున్నా వేడికి దానిలో పుట్టే డార్క్ కరెంట్ ఇంచుమించు రెట్టింపవుతుంది, దాంతో నాయిస్ పెరుగుతుంది. కూల్డ్ కెమెరా కొనమని అందుకే అంటారు, అదీ నిజమే, కానీ డితరింగ్‌కు డబ్బు అక్కర్లేదు.

గెలాక్సీ నడినెత్తి రేఖ దాటాక మౌంట్ తిరగబడాలి, అంటే ట్యూబ్ అవతలి వైపుకు మారాలి. తిప్పాక ఫ్రేము మళ్లీ మధ్యకు తెచ్చుకుని గైడింగ్ మొదలుపెట్టండి. ఆ సమయానికి టీ తాగే అలవాటు చేసుకుంటే మర్చిపోరు.

తెల్లారగానే ఫ్లాట్లు, అంటే దుమ్ము మచ్చలను తర్వాత చెరిపేయడానికి తీసే ఒకే తీరు వెలుగు ఫొటోలు. వీటిని కొత్తవాళ్లు ఎగ్గొడతారు, నేనూ ఎగ్గొట్టాను. ఒక తెల్లటి పంచె నాలుగు మడతలు వేసి ట్యూబ్ మూతికి ముడతల్లేకుండా కట్టి, తెల్లవారే ఆకాశం వైపు తిప్పి, హిస్టోగ్రామ్ నడిమికి వచ్చే ఎక్స్‌పోజర్‌తో ఓ 30 తీయండి. కెమెరా తిప్పకూడదు, ఫోకస్ కదపకూడదు. ఒక ఉగాది రాత్రి చక్కగా 140 ఫ్రేములు తీశాక, నిద్రమత్తులో కెమెరా ఊడదీసి సంచిలో పెట్టేసి, అప్పుడు ఫ్లాట్లు గుర్తొచ్చాయి. సెన్సర్ మీద దుమ్ము వేసిన గారెల్లాంటి మచ్చలు ఆ ఫొటోలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి సరిగ్గా ఎన్‌జీసీ 5195 పక్కన. డార్కులు (సెన్సర్ వేడి వల్ల వచ్చే చుక్కలను తీసేయడానికి వాడేవి) మాత్రం కెమెరా అదే వేడిలో ఉన్నప్పుడు, మూత పెట్టి, అదే 120 సెకన్లకు 20, 30 తీసుకోండి. బయాస్ ఫ్రేములు (మూత పెట్టి, కెమెరా తీయగల అతి తక్కువ సమయానికి తీసేవి) ఎప్పుడైనా తీయొచ్చు.

ఇక ఇంటికొచ్చాక. స్టాక్ చేసే సాఫ్ట్‌వేర్ సిరిల్ ఉచితం, దాంట్లో ఉన్న స్క్రిప్టుకు నాలుగు ఫోల్డర్లు ఇస్తే స్టాక్ చేసి పెడుతుంది. శాటిలైట్ గీతలు సిగ్మా క్లిప్పింగ్‌లో (మిగతా ఫ్రేములతో కుదరని పిక్సెళ్లను వదిలేసే పద్ధతి) పోతాయి, ఫ్రేములు ఎక్కువ ఉంటే ఇంకా శుభ్రంగా పోతాయి. వచ్చిన ఫైలు తెరవగానే నల్లగా ఉంటుంది, కంగారు పడకండి. ఫైలు ఇంకా లీనియర్‌గా, అంటే సెన్సర్‌లో పడిన వెలుగు నిష్పత్తిలోనే ఉంది, మసక వెలుగును సాగదీయాలి. దాన్నే స్ట్రెచ్ అంటారు.

ఒక్క మెట్టు గురించి వివరంగా చెప్తాను, మిగతావి చేస్తూ నేర్చుకుంటారు. బ్యాక్‌గ్రౌండ్ తీసేసేటప్పుడు సిరిల్ ఫ్రేమంతా చిన్న చతురస్రాలు పెడుతుంది, అవి ఉన్న చోట ఆకాశమే ఉందని నమ్మి ఆ వెలుగును తీసేస్తుంది. ఎం51 చుట్టూ, ముఖ్యంగా ఎన్‌జీసీ 5195 వైపు, చాలా మసకైన వెలుగు పరదా ఉంటుంది. రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కున్నప్పుడు చిందిన నక్షత్రాలవి. చతురస్రం దానిమీద పడితే మీరు ఐదు గంటలు కూర్చుని పట్టుకున్నదాన్ని సాఫ్ట్‌వేర్ చెత్త అనుకుని ఊడ్చేస్తుంది. గెలాక్సీ కనిపించే సైజుకు రెండింతల వలయంలో ఉన్న చతురస్రాలన్నీ చేత్తో తొలగించండి. స్క్రీన్ మీద ఆటోస్ట్రెచ్ పెట్టి చూస్తే ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తుంది.

తర్వాత రంగుల కాలిబ్రేషన్, ఆపైన స్ట్రెచ్. ఒక్క దెబ్బకు లాగకండి, నడిమి భాగం తెల్లగా మాడిపోతుంది. నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా లాగండి. నడిమి భాగం పసుపుగా, చేతులు నీలంగా వస్తే మీ రంగులు సరిగ్గా ఉన్నట్టు. పసుపు పాత నక్షత్రాలది, నీలం కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాలది. చేతుల వెంబడి గులాబీ చుక్కలు కొందరి ఫొటోల్లో చూసి ఉంటారు, హైడ్రోజన్ మేఘాలవి. 600డి లోపలి ఫిల్టర్ ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది కాబట్టి మీకు అవి తక్కువగా వస్తాయి. దానికోసం కెమెరా విప్పించకండి, ఇప్పుడే వద్దు. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ కొనాలా అని కూడా మీ తర్వాతి ప్రశ్న ఉంటుంది. పాత సోడియం దీపాల కాలంలో కొంత పనికొచ్చేది. ఎల్‌ఈడీ దీపాలు అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి, గెలాక్సీ కూడా అన్ని రంగుల్లోనూ వెలుగుతుంది. ఫిల్టర్ ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి?

నాయిస్ తగ్గించే బటన్ దగ్గర చేయి అదుపులో పెట్టుకోండి. ఎక్కువైతే గెలాక్సీ మైనం బొమ్మలా తయారవుతుంది. ఈమధ్య ఏఐ షార్పెనింగ్‌తో 6 అంగుళాల ఫొటోలో హబుల్ వివరాలు కనిపిస్తున్నాయి. అవి ఆ రాత్రి టెలిస్కోపులో పడినవి కావు. నాకు కొంచెం గరుకుగా ఉన్నా సరే, నిజంగా పడిన వెలుగే ఇష్టం. ఇది నా చాదస్తం అనుకోండి.

ఎం51 వచ్చాక ఎటు పోవాలంటే, చాలామంది ఎం101 వైపు పోతారు. మ్యాగ్నిట్యూడ్ 7.9 అని పుస్తకంలో చూసి ఎం51 కన్నా తేలిక అనుకుంటారు. ఆ వెలుగంతా దాదాపు అర డిగ్రీ మేర, పూర్ణ చంద్రుడంత మేర పరుచుకుని ఉంటుంది. దోసెపిండి పెనమంతా పల్చగా తిప్పినట్టు. మంచి ఆకాశం కింద రెండు మూడు రాత్రులు పెట్టగలిగినప్పుడు పట్టుకోండి. దానికి బదులు మనకు మాత్రమే కలిసొచ్చేవి తీయండి. ఎం83 ఆకాశపు మధ్యరేఖకు దాదాపు 30 డిగ్రీలు దక్షిణాన ఉంటుంది. యూరప్ వాళ్లకు క్షితిజం అంచున దుమ్ములో ఈదుతుంటుంది, మనకు 42 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఎం51 పడుతుందో లేదో అన్న రోజున దక్షిణం వైపు తేటగా ఉంటే దాన్ని తీయండి, అదే రాత్రుల్లో, అదే వేళల్లో ఉంటుంది. సింహరాశిలో ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 మూడూ మీ ఒకే ఫ్రేములో పడతాయి, దాదాపు నడినెత్తిన. వానలు పోయాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఎన్‌జీసీ 253. ఎం31 మాత్రం మీ ఫ్రేములో పట్టదు, మూడు డిగ్రీల పొడవు అది, మీ వెడల్పు 1.7 డిగ్రీలే. దానికి పాత 200 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. ఎం81 మనకు 38 డిగ్రీలు దాటి పైకి రాదు కాబట్టి ఉత్తరం తేటగా ఉన్న రాత్రికి ఉంచుకోండి.

మీ టెర్రస్ ఫ్రేములు 80 పారేయకండి. పోలిక చూసుకోవడానికి పనికొస్తాయి. ఎం51లో 1994, 2005, 2011లలో సూపర్‌నోవాలు పేలాయి, ఎప్పుడైనా మళ్లీ పేలొచ్చు, అప్పుడు ముందటి ఫొటో మీ దగ్గర ఉండాలి.

పల్లె నుంచి వచ్చి స్టాక్ పూర్తయ్యాక, ఎం51 చేతులను చూడటం అయ్యాక, జూమ్ చేసి చుట్టూ నల్లటి చోట వెతకండి. ఐసీ 4263 అని సన్నటి చిన్న గీత ఒకటి ఉంటుంది, మొదట చూస్తే సాగిన నక్షత్రం అనుకుంటారు. ఎన్‌జీసీ 5195 దగ్గర ఐసీ 4277, ఐసీ 4278 అని ఇంకా చిన్న మరకలు. అవన్నీ ఎం51 కన్నా చాలా వెనక ఉన్న గెలాక్సీలు. ఎం51 నుంచి వెలుగు రావడానికే రెండున్నర మూడు కోట్ల ఏళ్లు పడుతుంది. ఆ గీత మీ ఫొటోలో కనిపిస్తే నాకు ఫైలు పంపండి, అప్పుడు 10 అంగుళాల గురించి మాట్లాడుకుందాం.